ఎఫ్‌ఐఆర్‌కీ తీర్పుకీ మధ్య

2019 నవంబరు చివరి వారంలో, మూడు రోజుల తేడాతో, తెలంగాణలో ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేసి చంపేశారు. నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిన్నచిన్న సరుకులు అమ్ముకునే ఒక దళిత మహిళ. నవంబరు 27న హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ దగ్గరి టోల్‌ప్లాజా పక్కన ఒక పశువైద్యురాలు. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం చెబుతుంది కాబట్టి మొదటామెను ‘సమత’ అనీ, రెండో ఆమెను ‘దిశ’ అనీ పిలుచుకున్నాం.

దిశ కనబడటం లేదని ఆ రాత్రి ఇంటివాళ్లు పోలీసుల దగ్గరికి పరుగెత్తితే, ఇది మా స్టేషన్ పరిధిలోకి రాదంటూ తిప్పారన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. దేశం అట్టుడికింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడున్న పోలీసుల మీద జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ తేల్చి, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది.

సమత కేసుకు పూలూ లేవు, అంత ఆవేశమూ లేదు. దళిత సంఘాలు, స్థానికులు రోడ్డెక్కి అడిగాక ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు. మూడు వారాల్లోపే ఛార్జిషీటు పడింది. సాక్షుల్ని విచారించారు, ముద్దాయిల తరఫు వాదన విన్నారు. 2020 జనవరి 30న ముగ్గురికీ మరణశిక్ష విధిస్తూ తీర్పు వచ్చింది. నేరం జరిగి అప్పటికి రెండు నెలలు దాటి కొద్ది రోజులే అయింది.

మరణశిక్ష మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ రెండింటిలో న్యాయం అనదగినది ఆదిలాబాద్‌లో జరిగిందే. సమతకు ఏం జరిగిందో, ఎవరు చేశారో ఒక కోర్టు సాక్ష్యాలు చూసి రాతపూర్వకంగా చెప్పింది. దిశ విషయంలో ఏ కోర్టూ ఆ మాట చెప్పలేదు, ఇక చెప్పే వీలూ లేదు. ఆమె తల్లిదండ్రులకు ఆ హక్కు లేకుండా పోయింది.

అయితే ఈ రెండూ దేశం కళ్లు పడ్డ కేసులు. అత్యాచారానికి గురైనవారిలో ఎక్కువమంది బతికే ఉంటారు. మర్నాడు లేచి స్టేషన్‌కు వెళ్లాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడతారు. వెళితే అక్కడ రైటర్ ఏమంటాడో, ఆస్పత్రిలో డాక్టరు ఏం చేస్తారో, నాలుగేళ్ల తర్వాత బోనెక్కినప్పుడు లాయరు ఏం అడుగుతాడో, వాళ్ల న్యాయం అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మన దేశం యాభై ఏళ్లుగా ఒక్కో ఘోరం తర్వాత ఒక్కోసారి శిక్షల్ని పెంచుతూ వచ్చింది. ఎఫ్‌ఐఆర్‌కీ తీర్పుకీ మధ్య ఉన్న ఈ దారిని బాగుచేయడంలో మాత్రం అంత పట్టుదల చూపలేదు.

గాయాలు లేవు కాబట్టి...

కథ 1972 మార్చిలో మొదలవుతుంది. ఇప్పుడు తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలి ప్రాంతం అప్పట్లో చంద్రాపూర్ జిల్లాలో భాగం. అక్కడి దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌కు ఒక ఆదివాసీ బాలికను ఏదో ఫిర్యాదు విషయమై పిలిపించారు. వయసు 14, 16 మధ్య ఉంటుంది. తన వాళ్లు బయట ఎదురుచూస్తుండగా స్టేషన్ లోపల ఇద్దరు పోలీసులు తనపై దాడి చేశారని ఆమె చెప్పింది. సెషన్స్ కోర్టు ఆమె శీలాన్నే శంకించి నిందితుల్ని వదిలేసింది. హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, అరిచిన ఆధారం లేదు, కాబట్టి ఆమె ప్రతిఘటించలేదు అన్నది కోర్టు తర్కం. స్టేషన్ తలుపు వేసి ఉన్నప్పుడు, ఎదుట ఖాకీ బట్టల్లో ఇద్దరున్నప్పుడు, ఓ ఆదివాసీ పిల్ల ఎవరిని పిలిచి అరవాలో ఆ తీర్పు ఆలోచించలేదు.

సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఆ 1978లోనే, మార్చిలో, హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఇలాంటిదే జరిగింది. రాత్రి సినిమా చూసి భర్తతో ఇంటికి వెళుతున్న ఒక పేద ముస్లిం యువతిని పోలీసులు పట్టుకెళ్లారు. ఆమెపై అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కి బతికే భర్తను కొట్టిన దెబ్బలకు అతను చనిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదార్ విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు చేసిన మొదటి పని ఆమె నడవడిక మీద బురద చల్లడం. అయినా కమిషన్ పోలీసుల్నే దోషులుగా తేల్చింది. తీరా కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో నిందితులందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. కమిషన్ నివేదిక ఒక దారిన పోయింది, కోర్టు తీర్పు ఇంకో దారిన పోయింది. ఆమె పేరు మాత్రం పత్రికలన్నిటిలో అచ్చయి, ఇప్పటికీ అలాగే నిలిచిపోయింది.

సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఏడాదికి, 1979 సెప్టెంబరులో, ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. భయంతో లొంగిపోవడం అంగీకారం ఎలా అవుతుందని సూటిగా అడిగారు. అంతవరకూ న్యాయస్థానాన్ని అలా నిలదీసినవాళ్లు అరుదు. ఆ లేఖ కాపీలు చేతులు మారాయి, ఊరేగింపులు జరిగాయి. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన వంటి బృందాలు పనిచేస్తున్న కాలం అది. ఫలితంగా 1983లో చట్టం మారింది. పోలీసు, జైలు, ఆస్పత్రి వంటి చోట్ల అధికారంలో ఉన్నవాడు అత్యాచారం చేస్తే, నేను ఒప్పుకోలేదని ఆమె చెప్పిన మాటను కోర్టు నమ్మాలన్న నియమం వచ్చింది. విచారణ మూసిన తలుపుల వెనుక జరగాలన్నారు. బాధితురాలి పేరు అచ్చు వేయడం నేరమైంది.

అక్కడితో ఆగిపోయింది. ‘ఆమె శీలవతి కాదు’ అని నిరూపించడానికి ముద్దాయి లాయరుకు వీలిచ్చే నిబంధన సాక్ష్య చట్టంలో ఇంకో ఇరవై ఏళ్లు అలాగే ఉంది. అది పోయేసరికి 2003 వచ్చింది.

29 రోజుల నివేదిక

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో కదులుతున్న బస్సులో జరిగిన దారుణం తర్వాత, కేంద్రం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. లీలా సేథ్, గోపాల్ సుబ్రమణ్యం సభ్యులు. ప్రజల నుంచి వచ్చిన సూచనలు దాదాపు 80,000. కమిటీ 29 రోజుల్లో నివేదిక చేతిలో పెట్టింది. తొందరగా రాసినందుకు అది పలచగా ఉండాలి. కానీ స్త్రీల గౌరవం గురించి స్వతంత్ర భారతంలో ఒక ప్రభుత్వ కమిటీ రాసిన అత్యంత నిజాయితీ గల పత్రాల్లో అదొకటి.

ఆ నివేదిక ఆధారంగా 2013లో వచ్చిన చట్టం చాలా మార్చింది. అత్యాచారం నిర్వచనం విస్తరించింది. వెంటాడటం, చాటుగా ఫొటోలు తీయడం, యాసిడ్ పోయడం విడివిడి నేరాలయ్యాయి. అన్నిటికంటే ముఖ్యమైనది అంగీకారం గురించిన వివరణ. మాటతోగానీ, సైగతోగానీ, మరేవిధంగానైనాగానీ ఆమె స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపినదే అంగీకారం. శారీరకంగా ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఆమె ఒప్పుకున్నట్టు కాదు. దేశాయిగంజ్ కేసులో తప్పిన ఆ రెండు వాక్యాలు చట్టం పుస్తకంలోకి ఎక్కడానికి, తీర్పు వచ్చాక 35 ఏళ్లు పట్టింది. ఇప్పుడవి పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఉన్నాయి.

వర్మ కమిటీ చెప్పినా ప్రభుత్వం వినని మాటలు కూడా ఉన్నాయి. మరణశిక్ష వద్దంది, కొన్ని సందర్భాలకు పెట్టారు. భార్యపై భర్త బలవంతాన్ని మినహాయించే వాక్యాన్ని తీసేయమంది, తీయలేదు. సాయుధ బలగాల వారిపై ఇలాంటి ఆరోపణ వస్తే విచారణకు ముందస్తు అనుమతి అవసరం లేకుండా చేయమంది, చేయలేదు.

మరణశిక్ష వద్దనడం వెనుక కారణం మెత్తదనం కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే లెక్కల్లో ఒక సంగతి మారకుండా కనిపిస్తుంది: అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవాళ్లు. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు, పని ఇచ్చే యజమాని. బాబాయి ఉరికంబం ఎక్కుతాడంటే ఇంటి పెద్దలు పిల్ల నోరు నొక్కేస్తారు. కఠిన శిక్ష వల్ల ఫిర్యాదులే తగ్గే ప్రమాదం ఉందని బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్లు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. అయినా కఠువా, ఉన్నావ్ అత్యాచార ఘటనల తర్వాత 2018లో, పన్నెండేళ్ల లోపు బాలికలపై అత్యాచారానికి మరణశిక్ష దాకా వెళ్లారు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మరణశిక్ష. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. 2024లో కోల్‌కతా ఆర్‌జీకర్ ఆస్పత్రి వైద్యురాలి హత్య తర్వాత పశ్చిమ బెంగాల్ తెచ్చిన ‘అపరాజిత’ బిల్లూ అదే బాట పట్టింది. అక్కడ దర్యాప్తుకు 21 రోజుల గడువు.

గడువు రాయడం తేలిక. అది నిలబడాలంటే ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేసేవాళ్లు, స్టేషన్‌లో మహిళా ఎస్సైలు, కోర్టులో ప్రాసిక్యూటర్లు కావాలి. వాళ్ల నియామకాలకు ఏ సభలోనూ చప్పట్లు మోగవు.

స్టేషన్ గుమ్మం

2022లో దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 31,516. ఆ ఏడు విచారణ ముగిసిన ప్రతి వంద కేసుల్లో శిక్ష పడింది 27 కేసుల్లోనే. మిగిలినవన్నీ తప్పుడు కేసులనుకోవడం పొరపాటు. నిజంగా నిర్దోషులూ కొందరుంటారు. కానీ ఎక్కువగా జరిగేది వేరు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమవుతుంది. బట్టలు సరిగా సీలు వేయరు. వైద్య పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది. పెద్దమనుషులు మధ్యలో దూరి రాజీ కుదురుస్తారు. సాక్షులు అడ్డం తిరుగుతారు. నాలుగైదేళ్లు వాయిదాలు తిరిగిన ఆమెకు అప్పటికి పెళ్లయి ఉంటుంది, వేరే ఊళ్లో ఉంటుంది, ఇక చాలు అనుకుంటుంది.

మొదటి గుమ్మం స్టేషన్. చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, తర్వాత ఆ స్టేషన్‌కు పంపే బాధ్యత పోలీసులది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ దీన్ని స్పష్టంగా రాసింది. ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో పంపినా చాలు, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఫిర్యాదు రాసుకునేది మహిళా పోలీసు అధికారి అయి ఉండాలి. వాంగ్మూలం ఇవ్వడానికి ఆమె స్టేషన్‌కు రానక్కర్లేదు, ఇంట్లోనో తనకు నచ్చిన చోటో ఇవ్వొచ్చు. ఇలాంటి ఫిర్యాదును నమోదు చేయకపోతే ఆ అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. ఈ చివరి నిబంధన 2013 నుంచీ ఉంది. దాని కింద శిక్ష పడిన పోలీసు అధికారి గురించి ఎంతమంది విని ఉంటారు?

‘పెళ్లి కావాల్సిన పిల్ల, ఆలోచించుకోండి’ అని స్టేషన్‌లో వినబడే సలహా మంచి మనసుతో చెప్పినట్టే ఉంటుంది. అది నేరాన్ని పాతిపెట్టే సలహా. అత్యాచారం రాజీ కుదుర్చుకోదగ్గ నేరం కాదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. అయినా ఊరి రచ్చబండ మీదో, నాయకుడి ఇంటి వరండాలోనో బేరాలు సాగుతూనే ఉంటాయి. ఒక్కోసారి న్యాయస్థానమే ఆ ధోరణిలో పడుతుంది. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు, ఓ నిందితుడు బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలన్న షరతుతో బెయిలిచ్చింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తూ, ఇలాంటి కేసుల్లో నిందితుణ్ణి బాధితురాలికి దగ్గర చేసే షరతులు పెట్టకూడదనీ, రాజీ మాట ఎత్తకూడదనీ కింది కోర్టులన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఓ బాలిక కేసులో రొమ్ము పట్టుకుని పైజమా తాడు తెంపడం అత్యాచార యత్నం కిందికి రాదంది. ఆ వ్యాఖ్యల్లో సున్నితత్వం బొత్తిగా లేదంటూ సుప్రీంకోర్టు వాటిపై స్టే ఇచ్చింది. న్యాయమూర్తులకూ శిక్షణ కావాలన్న మాట అందుకే వస్తుంది.

ఆస్పత్రిలో, బోనులో

రెండో గుమ్మం ఆస్పత్రి. ‘రెండు వేళ్ల పరీక్ష’ పేరుతో దశాబ్దాలపాటు డాక్టర్లు చేసిన పని వైద్యమూ కాదు, సైన్సూ కాదు. ఆమెకు లైంగిక సంబంధాలు అలవాటా అని తేల్చడానికి చేసిన అవమానం అది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు వద్దన్నాయి. అయినా ఆగకపోవడంతో 2022 అక్టోబరు 31న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం, ఇక ఆ పరీక్ష చేసిన డాక్టరు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని తేల్చి, వైద్య విద్య పాఠాల్లోంచే దాన్ని తొలగించమంది.

ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటుదైనా బాధితురాలికి వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మనే హక్కు దానికి లేదు. నిరాకరిస్తే ఏడాది వరకు జైలు. పరీక్షకు ఆమె అంగీకారం తప్పనిసరి. వైద్య నివేదిక ఏడు రోజుల్లోగా దర్యాప్తు అధికారికి చేరాలని కొత్త చట్టం గడువు పెట్టింది. ఇవన్నీ మండల ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరుకు తెలిసి ఉండాలి. తెలియకపోతే సాక్ష్యం ఆ రాత్రికే పోతుంది.

కోర్టు బోనులో నిలబడటం చాలామందికి రెండో దాడిలా అనిపిస్తుంది. పాత లైంగిక జీవితం గురించి అడగకూడదని చట్టం ఉంది. అయినా ప్రశ్న చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది. దాన్ని ఆపాల్సింది ప్రాసిక్యూటరూ న్యాయమూర్తీ. 1996లో గుర్మీత్ సింగ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది: ఆమె సాక్ష్యం నమ్మదగినదైతే వేరే సాక్షుల ఆసరా అక్కర్లేదు, అడ్డగోలు ప్రశ్నలతో ఆమెను వేధిస్తుంటే కోర్టు చూస్తూ ఊరుకోకూడదు.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2011లో చూపులేని ఓ దళిత యువతిపై ఆమె అన్నదమ్ముల స్నేహితుడు అత్యాచారం చేశాడు. ఆమె అతన్ని గొంతు బట్టి గుర్తుపట్టింది. కళ్లు కనిపించని మనిషి ముద్దాయిని ఎలా గుర్తిస్తుందన్న వాదన సహజంగానే వచ్చింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షను ఖాయం చేస్తూ, వికలాంగురాలి సాక్ష్యం వికలాంగురాలిది అయినందుకే బలహీనం అనడానికి వీల్లేదంది. అలాంటి సాక్షులతో ఎలా మాట్లాడాలో పోలీసులకూ న్యాయమూర్తులకూ శిక్షణ ఇవ్వాలంది. ఆమె దళితురాలు కావడం, స్త్రీ కావడం, చూపులేకపోవడం మూడూ కలిసి ఆమెను ఎలా ఒంటరిని చేశాయో ఆ తీర్పు ఓపిగ్గా వివరించింది. కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం చూపలేదంటూ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం అదే తీర్పు కొట్టేసింది. దర్యాప్తులో రాయని సంగతిని సుప్రీంకోర్టు కూడా తిరిగి తేలేదు.

వాకపల్లి దీనికి తిరుగులేని రుజువు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని ఆ చిన్న ఊళ్లో కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. వాళ్లకు డబ్బు లేదు, కోర్టు భాష రాదు, కొండ దిగితే రోజంతా ప్రయాణం. అయినా వెనక్కి తగ్గలేదు. కేసు హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్లి, 2017లో విచారణ జరపమన్న ఆదేశంతో విశాఖకు తిరిగొచ్చింది. 2023 ఏప్రిల్ 6న ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసుల్నీ నిర్దోషులుగా వదిలేసింది. అయితే అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్లు నిలబడిన ఆ స్త్రీలు అడిగింది పరిహారం కాదు. తొలి రోజుల్లో సరైన వైద్య పరీక్ష, నిందితుల గుర్తింపు పరేడ్, నిష్పాక్షికమైన అధికారి ఉంటే కోర్టు ముందు కనీసం తేల్చుకోదగ్గ సాక్ష్యం ఉండేది.

చట్టంలో మిగిలిన ఖాళీలు

అమలు సంగతి పక్కనపెట్టినా, కొత్త సంహితలో లోటు లేకపోలేదు. భార్య వయసు పద్దెనిమిది దాటితే భర్త బలవంతం ఇప్పటికీ అత్యాచారం కాదు. 2017లో సుప్రీంకోర్టు మైనర్ భార్యల వరకు ఆ మినహాయింపును తీసేసింది. 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పడంతో ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరింది. దాన్ని అత్యాచారం అనడం మరీ కఠినమని 2024 అక్టోబరులో కేంద్రం అఫిడవిట్ వేసింది. పెళ్లి అనేది ఒకసారి ఇచ్చి ఎప్పటికీ వెనక్కి తీసుకోలేని సమ్మతి అన్న పాత వలస కాలపు భావనను ఇంకా మోస్తున్నాం.

పురుషులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కూడా దాడికి గురవుతారు. పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌లో బలవంతానికి వర్తించే భాగం వాళ్లకు కాస్త ఆసరాగా ఉండేది. కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై లైంగిక హింసకు 2019 నాటి ప్రత్యేక చట్టం కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఒకే గాయానికి ఇంత తేడా ఏమిటన్న ప్రశ్నకు పార్లమెంటు జవాబివ్వాలి.

సరిగా పనిచేసేవీ మన మధ్యే ఉన్నాయి. 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, డాక్టరు, కౌన్సెలర్, న్యాయ సలహాదారు ఒకే చోట ఉంటారు. జరిగింది పదిచోట్ల పదిసార్లు చెప్పుకోవాల్సిన బాధ తగ్గుతుంది. దానికి అనుబంధంగా 2018లో బాలల కోసం ప్రత్యేక కోర్టు గది వచ్చింది. పిల్లలు నిందితుణ్ణి చూడకుండానే సాక్ష్యం చెప్పగలిగే ఏర్పాటు అది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు దేశంలోని జిల్లాలన్నిటిలో ఇలాంటి సాక్ష్య కేంద్రాలు పెట్టమని హైకోర్టులను ఆదేశించింది. హైదరాబాద్‌కే చెందిన ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచారం వీడియోల గురించి 2015లో భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. కోర్టు దాన్ని తనంతట తానే కేసుగా తీసుకుంది. అలాంటి వీడియోలపై ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే జాతీయ పోర్టల్ 2018లో వచ్చిందంటే ఆ లేఖ వల్లే. జీవోలూ కమిటీలూ చేయలేని పని ఒక్కోసారి పట్టు వదలని మనిషి చేస్తుంది. కానీ అలాంటి మనుషుల మీదే ఆధారపడితే వ్యవస్థ ఎందుకు?

భరోసా వంటిది ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఉండాలి. అత్యాచారం కేసు చూసే దర్యాప్తు అధికారికి కేసు ముగిసేదాకా బదిలీ ఉండకూడదు. మొదటి వాయిదా నుంచి చివరి తీర్పు దాకా బాధితురాలి వెంట ఒక మనిషి ఉండాలి. బాలలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) నిబంధనల్లో పిల్లలకు అలాంటి తోడు ఇప్పటికే ఉంది. పెద్దవాళ్లకూ అదే ఏర్పాటు చేయడానికి అడ్డేమిటో ఎవరూ చెప్పరు.

అవి ఎప్పుడొస్తాయో గానీ, చట్టం ఇప్పటికే ఇచ్చినవే చాలామందికి తెలియవు. అత్యవసరమైతే 112, మహిళా సహాయానికి 181. బాధితురాలి తరఫున న్యాయవాది ఉంటే ఛార్జిషీటు కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఆమెకు చెప్పాలి. ఆదాయం ఎంత ఉన్నా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయవాదిని పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. 15100కు ఫోన్ చేసినా, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లినా సరిపోతుంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో రూపొందించిన పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి పరిహారం 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు, సామూహిక అత్యాచారమైతే 5 లక్షల నుంచి 10 లక్షల వరకు. దరఖాస్తు కూడా ఆ జిల్లా సంస్థకే. అందులో కొంత మధ్యంతర సాయంగా ముందే అడగొచ్చు, తీర్పు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.